పసిబిడ్డల హృదయ చికిత్సలో హెచ్చుతగ్గులు

1944వ సంవత్సరము నవంబరు 29వ తేదీన, అమెరికా దేశమందలి బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో ఒక చిన్న బిడ్డకు శస్త్రచికిత్స జరిగెను. పుట్టుకతోనే హృదయమున దోషముండి, ఊపిరితిత్తులకు చాలినంత రక్తము పోనందున ఆ బిడ్డ దేహము నీలివర్ణము దాల్చియుండెను. ఊపిరితిత్తులకు రక్తము హెచ్చుగా పోవు మార్గమొకటి కల్పింపవలెనని కోరినది హెలెన్ టాసిగ్ అను వైద్యురాలు. కత్తి పట్టినది ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అను శస్త్రవైద్యుడు. ఆయన వెనుక పీటపై నిలిచి, కుట్టు ఎట్లు వేయవలెనో చెప్పుచుండినవాడు వివియన్ థామస్. ఇతడు నల్లజాతివాడు. కళాశాల చదువునకై కూడబెట్టుకొనిన సొమ్ము బ్యాంకు దివాలాలో పోయినందున వైద్యుడు కాజాలక ప్రయోగశాలలో పనికి చేరినవాడు. కుక్కలపై పలుమార్లు ప్రయత్నించి ఈ చికిత్సా పద్ధతిని స్థిరపరచినది ఇతడే. అయినను 1945లో ప్రకటింపబడిన వ్యాసమున ఇతని పేరు లేదు. 1976లో గాని ఆ విశ్వవిద్యాలయము ఇతనికి గౌరవ పట్టము నొసగలేదు.

ఈ కథను తరగతిలో చెప్పినప్పుడెల్ల మా విద్యార్థులు థామసునకు జరిగిన యన్యాయమును గూర్చియే అడుగుదురు. అడుగవలసినదే. కాని నన్ను బాధించు ప్రశ్న వేరు. ఒక నల్లజాతివాని చేతులు తీర్చిదిద్దిన ఈ విద్య నేడు నల్లజాతి శిశువులకు సమముగా ఫలించుచున్నదా? లేదనియే అమెరికా వైద్యుల పరిశోధనలు పలుమార్లు తెలిపినవి. హృదయ శస్త్రచికిత్స పొందిన శిశువులలో నల్లజాతివారును, పేదపేటలవారును ఇతరులకంటె హెచ్చుగా మరణించుచున్నారు.

ఆ దేశమున ఏటేట ఇంచుమించు 40,000 మంది శిశువులు హృదయదోషముతో జన్మింతురు, అనగా నూటికొకరు. వీరిలో నాలుగవ వంతు మందికి మొదటి సంవత్సరములోనే శస్త్రచికిత్స గాని, అట్టి మరియొక చికిత్స గాని కావలసియుండును. భేదమునకు కారణము వారి రక్తములోనే యున్నదని కొందరందురు. నెలలు నిండక పుట్టుట, బరువు తక్కువగుట, ఇతర జబ్బులు తోడగుట, ఇవి ఫలితమును చెరచుమాట నిజమే. కాని నెలలు నిండకపోవుటకును, బరువు తగ్గుటకును తల్లి బ్రతుకుతో సంబంధము లేదా? పైగా వీటి నన్నిటిని లెక్కలోనికి తీసికొనిన పిమ్మటను అనేక పరిశోధనలలో భేదము కొంత మిగిలియే యున్నది.

నా యభిప్రాయమున, ఈ భేదమున ఎక్కువ భాగము కత్తికి ముందును, కత్తికి తరువాతను ఉన్నది. ముందు సంగతి చూడుడు. శిశువు కుడిచేతికిని, ఒక పాదమునకును పల్స్ ఆక్సీమీటరు అను చిన్న పరికరమును తగిలించినచో, రక్తమున ప్రాణవాయువు చాలినంత యున్నదో లేదో కొలది నిమిషములలో తెలియును. 2011లో అమెరికా ప్రభుత్వము ప్రతి శిశువునకు ఈ పరీక్ష చేయవలెనని సిఫారసు చేసెను. 2018 నాటికి అన్ని రాష్ట్రములును అవలంబించినవి. దీనిని ముందుగా నిర్బంధము చేసిన రాష్ట్రములలో, తీవ్రమైన హృదయదోషము వలన శైశవమున కలుగు మరణములు నూటికి 33 వంతున తగ్గినవని 1917లో కాదు, మొన్న మొన్ననే, 2017లో ప్రకటితమైనది. ఇంత చిన్న పనికి ఇంత కాలము పట్టినది! అయితే ఆ పరికరమునకును ఒక లోపమున్నది. పెద్దవారైన రోగులను గూర్చి 2020లో వెలువడిన వ్యాసము ప్రకారము, పరికరము బాగున్నదని చూపగా రక్తపరీక్షలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువయని తేలుట తెల్లవారిలో నూటికి 3.6 కాగా, నల్లవారిలో 11.7. నల్లని చర్మము గల శిశువుల విషయమున ఆ యంకెను గ్రుడ్డిగా నమ్మరాదు.

కత్తికి తరువాతి సంగతి మరింత ముఖ్యము. హృదయము యొక్క ఎడమభాగము ఎదగని శిశువులకు పుట్టిన కొలది దినములలోనే నార్వుడ్ చికిత్స చేసి ఇంటికి పంపుదురు. కొన్ని నెలలకు రెండవ చికిత్స. ఈ నడిమి నెలలలో ఇంటివద్దనే ఎందరో శిశువులు అకస్మాత్తుగా మరణించుచుండిరి. 2000వ సంవత్సరమున మిల్వాకీ నగర వైద్యులు తల్లులకు ఒక తూనికయు, ఒక ఆక్సీమీటరును ఇచ్చి పంప నారంభించిరి. ఒక్క దినమున 30 గ్రాముల బరువు తగ్గినను, మూడు దినములలో 20 గ్రాములైనను పెరగకున్నను, ప్రాణవాయువు నూటికి 70కంటె దిగినను, వెంటనే తెలుపవలెను. మరణములు ఎంతో తగ్గిపోయినవి.

కాని తెలుపుటకు టెలిఫోను ఉండవలెను. వైద్యులు మాటలాడు భాష రావలెను. పిలిచిన వెంటనే పోవుటకు బండి యుండవలెను. పని మానినను కూలి పోకుండవలెను. ప్రసవించిన స్త్రీకి జీతముతో కూడిన సెలవు నిచ్చు సర్వజన చట్టము అంత సంపన్న దేశమునను లేదు. 1993 నాటి చట్టము కొందరికి పన్నెండు వారముల సెలవు మాత్రము నిచ్చినది, జీతము లేకుండ. తూనిక అందరికిని ఒక్కటే. దానిని ప్రతి ఉదయము చూచు తీరిక అందరికిని ఒక్కటి కాదు. కావున శిశువు ప్రాణముతో వైద్యశాల గడప దాటినదా యని కాక, మొదటి పుట్టినరోజు చూచినదా యని లెక్కింపవలెను. ఆ లెక్కను ధనిక, పేద ఇండ్లకు వేరువేరుగా ప్రకటింపవలెను. రాకపోకల ఖర్చును చికిత్స ఖర్చులో భాగముగానే ఎంచవలెను.

ఇది దూరదేశపు మాటయని మన పిల్లల తలిదండ్రులు తలంపకుందురు గాక. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము వలన పేదబిడ్డలకు హృదయ శస్త్రచికిత్స ఉచితముగ లభించెను. అది గొప్ప మేలు. మా పాఠశాల బాలిక యొకతె తమ్మునికి అట్లే చికిత్స జరిగినది. తండ్రి కూలివాడు. ఇంటికి పంపునప్పుడు ఆ వైద్యశాలవారు జాగ్రత్తల చీటీని ఇంగ్లీషున వ్రాసి యిచ్చిరి. ఎనిమిదవ తరగతి చదువు ఆ పిల్ల, నిఘంటువు తీసికొని నా యొద్దకు వచ్చినది. ఇద్దరమును కూర్చుండి చీటీని తెలుగున వ్రాసితిమి. తరువాత నామె వారమునకు రెండుమార్లు పిల్లవానిని ఎత్తుకొని అంగన్‌వాడీ తూనికపై ఉంచి, బరువును లెక్కల పుస్తకము చివరి పుటలో వ్రాయుచుండెను. ఒకసారి బరువు తగ్గినది. బస్సు కూలికి తండ్రి పొరుగువారి నడిగి, నాటి సాయంత్రమే బయలుదేరెను. బిడ్డ బ్రతికినాడు. రెండవ చికిత్స వేసవి సెలవులలో నని నిశ్చయమైనది. ఆ పుట మాత్రము నిండిపోయినందున ఆమెకు క్రొత్త పుస్తక మొకటి ఇచ్చితిని.