బాయెజ్ రాసిచ్చిన తాకట్టు

డొమినికన్ రిపబ్లిక్‌కు అయిదుసార్లు అధ్యక్షుడైన బ్వేనవెంతూరా బాయెజ్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పక్కన హైతీ భయం, ఖజానాలో చిల్లిగవ్వ లేదు, పెద్ద దేశాల అండ వెతుక్కోక ఏం చేస్తాడంటారు. పంట రుణాలిచ్చే బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. నాకు ముందు గుర్తొచ్చేది హైతీ కాదు, 1857 నాటి పొగాకు.

ఉత్తరాన సిబావో లోయ రైతులకు పొగాకే ఆధారం. పంట అమ్మే వేళకు బాయెజ్ ప్రభుత్వం కాగితం పేసోలు గుట్టలుగా అచ్చేయించి, తన మనుషులతో ఆ కాగితాలిచ్చి పొగాకు కొనిపించింది. ఆకు ఓడలెక్కి అసలు డబ్బు తెచ్చింది. రైతు చేతిలో నోటు మాత్రం చూస్తుండగానే విలువ పోగొట్టుకుంది. ఏడాది కష్టం అలా ఊడ్చుకుపోతే ఎవరు ఊరుకుంటారు? జూలై 7న ఆ లోయలోని సాంతియాగో నగరం తిరగబడింది. తిరుగుబాటు సేనలు రాజధానిని దాదాపు ఏడాది ముట్టడించాక, 1858లో బాయెజ్ దేశం విడిచాడు. రైతుల కడుపు కొట్టమని అతనికి ఏ హైతీ చెప్పింది?

1861లో అతని ప్రత్యర్థి పెద్రో సాంతానా దేశాన్ని స్పెయిన్‌కు అప్పజెప్పాడు. జనం ప్రాణాలొడ్డి 1865లో స్పెయిన్‌ను వెళ్లగొట్టారు. ఆ పోరాటం జరుగుతుంటే బాయెజ్ యూరప్‌లో, స్పెయిన్ ఇచ్చిన ఫీల్డ్ మార్షల్ హోదా అనుభవించాడు. అయినా 1865 చివర్లో మళ్లీ అధ్యక్షుడయ్యాడు. కొద్ది నెలల్లోనే దిగిపోయి, 1868లో మళ్లీ గద్దెనెక్కాడు.

1869లో హార్ట్‌మాంట్ అనే లండన్ వ్యాపారితో 4,20,000 పౌండ్ల అప్పు ఒప్పందం కుదిరింది. కస్టమ్స్ ఆదాయం హామీ. ఆ వ్యాపారి కమీషన్ లక్ష పౌండ్లు. దేశానికి అందింది మాత్రం 38 వేల పౌండ్ల చిల్లర! ఇలాంటి కాగితం నా టేబుల్ మీదికొస్తే సంతకం పెట్టేవాణ్ణి కాను.

ఆ నవంబర్‌లోనే మొత్తం దేశాన్ని అమెరికాలో కలిపేయడానికి ఒప్పందం రాసుకున్నారు. అప్పులు తీర్చడానికి అమెరికా ఇచ్చేది 15 లక్షల డాలర్లు. 1870 ఫిబ్రవరిలో జనాన్ని ఓటడిగితే, సరేనన్నవాళ్లు 15 వేల పైచిలుకు, వద్దన్నవాళ్లు 11 మంది. అయిదేళ్ల క్రితమే స్పెయిన్‌తో పోరాడి గెలిచిన దేశంలో వద్దనేవాళ్లు పదకొండు మందేనా? స్పెయిన్‌తో పోరాడిన సేనానుల్లో కబ్రాల్ అప్పటికి దక్షిణాన తన సేనలతో బాయెజ్ మీద పోరాడుతున్నాడు, లుపెరోన్ ప్రవాసం నుంచి తిరుగుబాటు నడుపుతున్నాడు. అది జనాభిప్రాయమంటే నేను ఒప్పుకోను. చివరికి అడ్డుపడింది అమెరికా సెనేట్. సెనేటర్ చార్ల్స్ సమ్నర్ గట్టిగా ఎదిరించాడు. జూన్ 30న ఓట్లు 28–28గా చీలి, కావలసిన మూడింట రెండొంతుల మద్దతు రాలేదు.

1874లో గద్దె దిగిన బాయెజ్ 1876లో మరోసారి ఎక్కి, రెండేళ్లకు దిగిపోయి, 1884లో ప్యూర్టోరికోలో చనిపోయాడు. హార్ట్‌మాంట్ బాకీ పోలేదు. దాన్ని తీర్చడానికి 1888లో ఇంకో పెద్ద అప్పు చేశారు, దాని మీద మరికొన్ని చేరాయి. 1905లో ఆ దేశపు కస్టమ్స్ వసూళ్లు అమెరికా అధికారుల చేతుల్లోకి వెళ్లాయి. బాయెజ్‌కు గత్యంతరం లేకపోయిందనేవాళ్లు ఆ లక్ష పౌండ్ల కమీషన్ ఎందుకు ఒప్పుకున్నాడో, సిబావో రైతుకు ఆ నోట్లెందుకు ఇప్పించాడో ముందు చెప్పాలి.