ఫొటో ఏదీ?

గుడికి వెళ్ళొస్తే ప్రసాదం ఏదంటారు. రైతుబజారుకి వెళ్ళొస్తే ఏం కూరలు తెచ్చావంటారు. పిట్టల్ని చూసొస్తే ఫొటో ఏదీ అంటారు. ఇల్లాలు గడప దాటి తిరిగొచ్చిందంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే ఆ మూడు గంటలూ దండగ ఖాతాలోకి పోతాయి.

ఆదివారాలు నేను పిట్టల్ని చూడ్డానికి వెళ్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో హయత్‌నగర్ బస్సెక్కితే, ఎల్.బి.నగర్ దాటిన కాసేపటికి వనస్థలిపురం దగ్గర, విజయవాడ రోడ్డు పక్కనే మహావీర్ హరిణ వనస్థలి. నిజాంల కాలంలో అది వేట స్థలం. 1975లో, మహావీరుడు నిర్వాణం పొంది 2500 ఏళ్ళయిన సందర్భంగా ఆయన పేరు పెట్టారు. 1994లో నేషనల్ పార్కు అయింది. 3600 ఎకరాల పైమాటే. కాపాడాలనుకున్నది కృష్ణజింకల్ని, ఆ కంచె చాటున పిట్టలూ నిలదొక్కుకున్నాయి. లోపలికి నడిచినా లారీల హారన్లు వినపడుతూనే ఉంటాయి. వాటిని మించి నెమళ్ళు అరుస్తాయి.

నా దగ్గరున్నది ఒక బైనాక్యులర్, మా అమ్మాయి సగం రాసి వదిలేసిన నోట్‌బుక్. కెమెరా లేదు. కొనుక్కోమని మావారే అన్నారు, నేనే వద్దన్నాను. ఆయన ప్రేమగానే అన్నారు, సందేహం లేదు. కానీ ఆ మాట వెనక ఇంకో మాట ఉంది. కెమెరా ఉంటే అది హాబీ అవుతుంది, పదిమందికి చెప్పుకోవచ్చు. ఉత్త కళ్ళతో చూసి వచ్చేస్తే పనిలేని తిరుగుడు. ఆదివారం పొద్దంతా క్రికెట్ చూసిన మొగుణ్ణి ఏ భార్యయినా రుజువు అడిగిందా? మన తీరికకే ఎందుకో ఈ రసీదులు.

నన్నడిగితే, చూడ్డానికి రసీదు అక్కర్లేదు. పైగా రసీదు కోసం వెళ్తే చూడ్డం కుదరదు.

తీతువు సంగతే చూడండి. ఆ పేరంటేనే మన ఇళ్ళల్లో భయం. రాత్రిపూట ఇంటి మీదుగా అరుస్తూ పోయిందంటే ఏం కబురు వినాలో అని మా అత్తయ్య ఇప్పటికీ రామ రామ అనుకుంటారు. కంటి ముందు ఎర్రటి తోలు, పొడుగాటి పసుపు కాళ్ళు ఉండే పిట్ట. అది చెట్టు మీద గూడు కట్టదు. ఎండలు ముదిరే రోజుల్లో బోడినేల మీద, గులకరాళ్ళ మధ్య చిన్న గుంటలో మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. రాయేదో గుడ్డేదో మన కంటికి ఆనదు. మనిషి గానీ కుక్క గానీ అటువైపు వస్తే చాలు, ఆలుమగలు రెండూ లేచి నెత్తిమీద చక్కర్లు కొడుతూ గోల పెడతాయి. మనం అశుభం అనుకునే అరుపు పిల్లల కోసం పెట్టే ఆ అరుపే. ఎండ మండిపోతుంటే పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి, వంతులేసుకుని, దాదాపు నెల రోజులు. పంచతంత్రంలో సముద్రుడు గుడ్లు పట్టుకుపోతే గరుత్మంతుడి దాకా, విష్ణుమూర్తి దాకా ఫిర్యాదు తీసుకెళ్ళిన టిట్టిభాల జంట గుర్తుందా? హిందీవాళ్ళు టిటిహరి అనే ఈ పిట్ట కథే అది. పాఠం చెప్పినవాళ్ళెవరూ ఆ ముక్క మాకు చెప్పలేదు.

దూరంగా చెట్టు నీడన కదలకుండా కూర్చుంటే ఇదంతా ఒక్క పూటలో కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి ఫొటో తీద్దామనుకుంటే మాత్రం తల్లి లేచిపోతుంది. ఏప్రిల్ ఎండలో నీడ లేని గుడ్డు ఎంతసేపు తట్టుకుంటుంది? ఇంకో పద్ధతీ ఉంది. ఫోనులో పిట్ట కూత పెట్టి వినిపిస్తారు. తన చోటులోకి ఇంకెవరో వచ్చారనుకుని అది మేత మానేసి, పిల్లల్ని వదిలేసి వెతుక్కుంటూ వస్తుంది. ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది. కింద లైకులే లైకులు. ఫొటోలు తీసే వాళ్ళంతా ఇలాగని కాదు. మెడనొప్పి వచ్చేదాకా ఒకేచోట ఓపికగా నిలబడి తీసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి దణ్ణం.

ఈ రుజువు పిచ్చి ఇప్పటిది కాదు. సలీం అలీ 1931-32లో మన నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసినప్పుడు రుజువంటే తుపాకీతో కొట్టి, చర్మం ఒలిచి భద్రపరచిన పిట్ట. ఆ రోజుల్లో శాస్త్రం నడిచిందే అలా. వెంట ఆయన భార్య తెహ్మీనా కూడా ఉండేవారు. ఇప్పుడు చంపడం లేదు, అది మంచి మార్పే. చేతిలో పట్టుకోవాలన్న యావ మాత్రం పోలేదు.

దసరా వస్తే పాలపిట్టకి పట్టే గతి చూడండి. చూస్తే శుభం అన్నారు పెద్దలు. చూడమన్నారు అంతే, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బులడగమనలేదు. మన రాష్ట్ర పక్షి అది. పట్టుకోవడం చట్టప్రకారం నేరం కూడా. డబ్బులిచ్చి దణ్ణం పెట్టుకునే వాళ్ళు ఎక్కువగా మనమే కాబట్టి, ఆపగలిగేదీ మనమే. పాలపిట్ట అందం పంజరంలో తెలియదు. ముడుచుకుని కూర్చుంటే మట్టి రంగే ఎక్కువ. తీగ మీంచి లేచి రెక్క విప్పినప్పుడు చూడాలి ఆ నీలం.

మా ఆడపడుచు వాళ్ళు ఈ చలికాలం ఉత్తరాన, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవులకి వెళ్దామంటున్నారు. 2013లో అక్కడి పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టుకున్నట్టు బయటపడింది. మన మోకాళ్ళకి రాసుకునే డైక్లోఫినాక్ మందు ఉంది చూశారూ, అదే పశువులకి ఇస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై లక్షల్లో పోయాయి. 2006లో పశువుల వైద్యంలో దాన్ని నిషేధించారు. మిగిలిన జంట ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. అందుకే మా వదినకి ముందే చెప్పాను: వస్తాను, అటవీశాఖ వాళ్ళు నిలబడమన్న చోటే నిలబడతాను, గుట్ట దగ్గరికి పోయి సెల్ఫీలంటే మాత్రం నేను రాను. ఆవిడకి కాస్త కోపం వచ్చింది. రానివ్వండి.

అడవిదాకా వెళ్ళడం కుదరని వాళ్ళకి ఓ మాట. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు. మన బాల్కనీలోనే కనీసం 15 నిమిషాలు నిలబడి, ఏ పిట్ట ఎన్ని కనిపించాయో ఈబర్డ్ అనే యాప్‌లో రాస్తే చాలు, శాస్త్రవేత్తలు తీసుకుంటారు. ఫొటో పెట్టాలన్న నియమం లేదు. కిందటిసారి నా లెక్క: పావురాలు 22, గోరింకలు 4, గద్దలు 3, కాకులు 6, రామచిలకలు 2. మావారు వెనక నిలబడి, పావురాలు కూడా రాయాలా అన్నారు. రాయాలండీ, అన్నీ రాయాలి అన్నాను. అయితే ఆగు అని పక్కింటి వాటర్ ట్యాంకు మీద ఇంకో మూడు చూపించారు.