పాత మిద్దెలు – సిమెంటు పూతలు

ఉదయగిరి సీమయందలి మన సీతారామపురపు పల్లెలలో రాతితోను, మట్టితోను కట్టిన పాత యిండ్లు కలవారు వానిని బాగుచేయదలచినపుడు మొట్టమొదట గోడలకు సిమెంటు పూయింతురు. ఇది మేలైన పద్ధతి కాదని మా యభిప్రాయము.

మట్టిగోడ నేలనుండి తేమను పీల్చి గాలికి విడుచును. సిమెంటుపూత యా తేమను లోపలనే బంధించును. గోడ నాని పూత పెచ్చులుగా నూడును. లోని మన్నును దానితో రాలును. సున్నపుపూత తేమను పోనిచ్చును. ఏటేట సున్నము వేయుట శ్రమయని కొందరందురు. గోడనే మరల కట్టుట అంతకంటె శ్రమగదా!

కావున ఖర్చునకు వరుస యేర్పరచుకొనవలెను. మొదటిది కప్పు. అక్టోబరు వానలకు ముందే మిద్దెపై గడ్డి పెరికి, నీరు జారు గొట్టములను శుభ్రపరచవలెను. పాతమన్ను తీయక క్రొత్తచౌడు పరచినచో బరువు హెచ్చి, చెదలు తిన్న దూలము విరుగును, అది ప్రాణాపాయము. రెండవది గోడమొదలు. అచట వాననీరు నిలువకుండ నేలను వాలుచేసి కాలువ తీయవలెను. మూడవది వంటయిల్లు. కట్టెలపొయ్యి వాడువారు పొగగొట్టము తప్పక పెట్టవలెను. ఆ పొగ స్త్రీల యొక్కయు, పసిబిడ్డల యొక్కయు ఊపిరితిత్తులను చెరచును.

పైమెరుగుకై అప్పుచేసినవాడు వడ్డి కట్టుచుండగనే గోడ రాలును. ఈ పనులలో పెక్కు వేసవి తీరికయందు స్వయముగా చేసికొనదగినవే. సభ్యులు కలిసి సున్నము కొని పంచుకొన్నచో వ్యయమింకను తగ్గును. సంఘమువారు దీని నాలోచింతురుగాక.