చూపుకు కూలి లేని నగరం

2019 మే 24న సూరత్‌లోని సర్థాణా ప్రాంతంలో తక్షశిలా ఆర్కేడ్ భవనం తగలబడి 22 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు పై అంతస్తులోని కోచింగ్ తరగతులకు వచ్చిన పిల్లలు. షార్ట్ సర్క్యూట్‌తో పుట్టిన మంట నుంచి తప్పించుకోవడానికి పిల్లలు పైనుంచి దూకుతున్న దృశ్యాలను దేశమంతా చూసింది. ఆ మర్నాటి నుంచి గుజరాత్ యంత్రాంగానికి ఎక్కడలేని చూపు వచ్చింది. కోచింగ్ సెంటర్లకు తాళాలు పడ్డాయి, గోడలకు నోటీసులు అంటాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన ప్రభుత్వాలకు కొత్త కాదు గనుక అందులో వింతేమీ లేదు. వింతల్లా ఒక్కటే: మనిషి రోజూ తలదాచుకునే ఇల్లు ఆ తనిఖీల జాబితాలోకి రాలేదు, నేటికీ రాలేదు.

దీనికి చట్టం అండ కూడా ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు పెద్ద విద్యుత్ వ్యవస్థలను అయిదేళ్లకు మించకుండా ఇన్‌స్పెక్టర్ పరీక్షించాలన్నాయి. నిర్దేశిత వోల్టేజీకి లోబడిన వాటిని మాత్రం యజమానో వినియోగదారుడో పరీక్షించుకుని, తానే ధ్రువీకరించుకోవాలన్నాయి. వినడానికి పౌరుడి మీద ఎంత నమ్మకం! లింబాయత్‌లో ఒక గదిలో అద్దెకుండి, పన్నెండు గంటలు మరమగ్గం నడిపి వచ్చే కరీంనగర్, నల్లగొండ కార్మికుడు ఏ పరికరంతో తన గోడలోని తీగను పరీక్షిస్తాడు? ఏ ఫారంపై సంతకం పెడతాడు? గోడ యజమానిది, తీగ యజమానిది, షాక్ మాత్రం అద్దెదారుడిది. దేశంలో విద్యుదాఘాతంతో ఏటా పది వేలకు పైగా ప్రాణాలు పోతున్నాయని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలే చెబుతున్నాయి. ఆ నివేదికలో వాటి పేరు ప్రమాదవశాత్తు సంభవించిన మరణాలు.

ఇక ఆ గదికి వచ్చే ఎలక్ట్రీషియన్ సంగతి. ఫ్యాను బిగిస్తే డబ్బు, స్విచ్ మారిస్తే డబ్బు. ఇల్లంతా చూసి ఎక్కడ ఏం ప్రమాదముందో చెప్పమంటే మాత్రం, వచ్చాడు కదా అని, అది ఉచితం. ఉచితంగా చూసేవాడు చేతిలో ఉన్న టెస్టర్‌తోనే చూస్తాడు. టెస్టర్ దీపం వెలిగితే తీగలో కరెంటు ఉన్నదని తెలుస్తుంది. ఎర్త్ తెగిపోయిందని అది చెప్పదు. అది తెలియాలంటే మెయిన్ ఆపాలి, ఒక్కొక్క సర్క్యూట్ ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో కొలవాలి, ఎర్త్ నిరోధాన్ని కొలవాలి, ఆర్‌సీసీబీ ఉంటే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి అది పడిపోతున్నదో లేదో పరీక్షించాలి. పూట కూలి పోయే పని అది. ఆ కూలి ఇవ్వని సమాజం అతనికి రెండే దారులు వదిలింది: బాగానే ఉందని చెప్పి వెళ్లిపోవడం, లేదా లేని లోపం చూపి రిపేరు అంటగట్టడం. పిమ్మట అతడిని మోసగాడని తిట్టడం తేలిక. చూపుకూ రిపేరుకూ వేర్వేరుగా వెల కట్టనంత కాలం, వీలైతే ఆ రెండు పనులూ వేర్వేరు చేతుల్లో పెట్టనంత కాలం, నిజాయితీపరుడైన ఎలక్ట్రీషియన్‌కు నష్టమే మిగులుతుంది.

ఇంటింటికీ వెళ్లి చూడటం సాధ్యమా అని అడిగేవారు సూరత్ చరిత్రను మరిచినట్టే. 1994లో ప్లేగు ఈ నగరం పరువు తీసింది. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు అధికారులను ఏసీ గదుల నుంచి వీధుల్లోకి నడిపించి, మురికి నగరాన్ని దేశానికి చూపించదగిన నగరంగా మార్చారు. నేటికీ దోమల లార్వా కోసం కార్పొరేషన్ సిబ్బంది ఇళ్లలోకి వచ్చి నీళ్ల తొట్లు చూస్తారు. ఆ చూపుకు కార్పొరేషన్ జీతమిస్తోంది. దోమ విషయంలో పౌరుడే స్వయంగా ధ్రువీకరించుకోవాలని ఎవరూ అనలేదు. 2006 ఆగస్టులో తాపీ వరద నగరాన్ని ముంచి ఇళ్ల గోడలను రోజుల తరబడి నానబెట్టినప్పుడైనా ఆ గోడల్లోని తీగలు గుర్తుకు రావలసింది.

ఇంగ్లండు 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం అద్దె ఇంటి వైరింగ్‌ను కనీసం అయిదేళ్లకోసారి అర్హుడైన వ్యక్తి చేత యజమానే పరీక్షింపజేయాలి. నివేదికను 28 రోజుల్లో అద్దెదారుకు ఇవ్వాలి. తప్పితే 30 వేల పౌండ్ల దాకా జరిమానా వేసే అధికారం స్థానిక సంస్థకు ఇచ్చారు. అక్కడి యజమానులూ తొలుత గగ్గోలు పెట్టినవారే.

ఇక్కడ గగ్గోలుకు భయపడవలసిన స్థితి కూడా లేదు. 2024లో సూరత్ లోక్‌సభ స్థానం పోలింగే లేకుండా ఏకగ్రీవమైంది. లింబాయత్ భాగంగా ఉన్న నవసారిలో సి.ఆర్.పాటిల్ మెజారిటీ 7 లక్షల 73 వేలు దాటింది. ఇంత భద్రమైన అధికారం ఇంటి యజమానుల అలకకు జంకుతుందంటే నమ్మశక్యమా? తనిఖీ రుసుము అద్దెదారుకు బదలాయించరాదన్న షరతుతో యజమాని చెల్లించాలి. సొంత గది తప్ప మరేమీ లేని పేదల ఇళ్లకు కార్పొరేషన్ చెల్లించాలి. లైసెన్సున్న వైర్‌మ్యాన్‌కు ఇంటికింత అని ప్రకటించిన ధర అందాలి, చూడకుండా సంతకం పెడితే ఆ లైసెన్సు పోవాలి. నివేదిక గుజరాతీలోనే కాక తెలుగులో, ఒడియాలో, మరాఠీలో కూడా ఉండాలి. ఆ భాషల్లో పాఠశాలలు నడుపుతున్నది సూరత్ కార్పొరేషనే గనుక అనువాదకుల కోసం వెతుక్కోవలసిన పని కూడా లేదు.