మూడు కాళ్ళ గొడవ

అమ్మమ్మ కదల్లేదు. కెమెరానే కదిలింది. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు నాలుగు షీట్ల ఫిల్మూ, ఒక ఆదివారమూ ఖర్చయ్యాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు పిన్ని వాళ్ళింట్లో బీరువా అడుగు అరలో ఉన్న ఆల్బమ్‌లన్నీ బురదలో కలిసిపోయాయి. అందులో అమ్మమ్మ ఫొటోలు పాతవీ కొత్తవీ అన్నీ పోయాయి. ఫోన్లో తీసినవి బోలెడున్నాయి కానీ అన్నీ పెళ్ళి భోజనాల దగ్గర తీసినవే, సగం మొహం ఎవరి భుజం వెనకో ఉంటుంది. సరే, స్టూడియో మూసేశాక మావయ్య నాకిచ్చేసిన 4×5 చెక్క కెమెరా ఉందిగా, ఆవిడకి ఎనభయ్యారేళ్ళు, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అని పామర్రు దగ్గర మా ఊరికి బయల్దేరా.

స్టాండు? ఆన్‌లైన్లో కొన్న అల్యూమినియం ట్రైపాడ్. ‘ఎనిమిది కిలోలు మోస్తుంది’ అని డబ్బా మీద రాసుంది. నా కెమెరా లెన్సుతో కలిపి మూడు కిలోలు. లెక్క ప్రకారం ఢోకా లేదు. స్పెక్ చూసి ప్రొడక్షన్లో పెట్టేయడమంటే ఇదే :)

వసారాలో వెలుగు తక్కువ. ఎఫ్/16 దగ్గర అర సెకను ఇవ్వాల్సొచ్చింది. ఆవిడ ఊపిరి బిగబట్టి మరీ కూర్చుంది. "అయిందా నాన్నా, ఇంక పీల్చుకోనా?" అని నాలుగుసార్లు అడిగింది. తీరా కడిగి చూస్తే రెండిట్లో బొమ్మ అలుక్కుపోయింది. ఆవిడే కదిలిందేమో అనుకున్నా గానీ, వెనక గోడ గడియారం అంకెలు కూడా రెండేసి కనిపించాయి. గోడ కదలదు కదా! మిగతా రెండూ ఇంకో రకం. ఫోకస్ చేశాక ఫిల్మ్ హోల్డర్ దోపుతాం చూడండి, ఆ తోపుకే స్టాండు మెడ కాస్త తిరిగిపోయింది. ఒకదాంట్లో చెవి ఫ్రేము బయటికి పోయింది, ఇంకోదాంట్లో ఫోకస్ కళ్ళ మీద నుంచి జారిపోయింది.

చిన్న కెమెరాల వాళ్ళకి ఈ బాధ తెలీదు. ఇక్కడ బెల్లోస్ తెరచాపలా గాలి పడుతుంది, షట్టర్ సెకన్ల లెక్కలో తెరుచుకుంటుంది, పైగా షీటు షీటుకీ మనమే చేత్తో కెమెరాని కుదుపుతాం. ఆ డబ్బా మీద రాసే కిలోలకి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు, ఎవరిష్టం వాళ్ళది. విరక్కుండా మోయడం వేరు, కదలకుండా నిలబెట్టడం వేరు. నన్నడిగితే ఆ అంకె అసలు చూడొద్దు. షాపులోనే కాళ్ళు పూర్తిగా సాగదీసి, పైన అరచెయ్యి పెట్టి మెలితిప్పండి. మెలి తిరిగితే అక్కడే వదిలేసి రండి. ఇంకా అనుమానముంటే కెమెరా ఎక్కించి, గ్రౌండ్ గ్లాస్ మీద భూతద్దం పెట్టి చూస్తూ ఒక కాలిని వేలితో కొట్టండి. బొమ్మ ఎంతసేపు వణుకుతుందో, అంతసేపు మీ డబ్బు వణికినట్టే. మధ్య కర్రని పైకి లేపడం మాత్రం మర్చిపోండి, అది మూడు కాళ్ళ స్టాండుని ఒంటికాలి స్టాండు చేస్తుంది.

కార్బన్ ఫైబర్ గిట్జో ధర చూసి లాప్‌టాప్ మూసేశా. తర్వాత ఆలోచిస్తే తట్టింది: గాలిలో, ఎండలో, పొలం గట్టు మీద పరికరాన్ని కదలకుండా నిలబెట్టడమే పనిగా ఉన్న మనుషులు మన మధ్యే ఉన్నారు. సర్వేయర్లు! సర్వే పరికరాలు అమ్మే ఒకాయన దగ్గర పాత చెక్క స్టాండు మూడున్నర వేలకి దొరికింది. ఆరున్నర కిలోలు. చెక్కంటే పాతకాలపు సరుకని తీసిపారేయకండి. సన్నటి అల్యూమినియం గొట్టం కంటే చెక్కలో వణుకు తొందరగా చచ్చిపోతుంది. జర్మనీలో 1898లో మొదలైన బెర్లెబాక్ కంపెనీ ఇప్పటికీ యాష్ చెక్కతో ట్రైపాడ్లు చేసి అమ్ముతోంది.

చిక్కల్లా బోల్టుతోనే. సర్వే స్టాండుది ఐదు సూత్, అంగుళానికి 11 మరలు. నా కెమెరా అడుగున ఉన్నది మూడు సూత్, 16 మరలు. ఆటోనగర్లో ఒక లేత్ మిషను దగ్గరికి రెండూ పట్టుకెళ్ళి చూపించా. "దీని మీద కెమెరా ఏంటి సార్" అని నవ్వి, గంటలో ఇత్తడి బుష్ చేసిచ్చాడు, నాలుగొందలు. (కొన్ని పాత స్టాండ్ల కొలత ఇది కాదు, కొనేముందే చూసుకోండి.)

తిప్పలు లేవని కాదు. మీటరు కంటే కిందికి దిగదు, కాబట్టి పీట మీద కూర్చున్నవాళ్ళని తీయలేం. మెడ లేదు, కాళ్ళు జరిపే మట్టం చేసుకోవాలి. కెమెరాకి ముందు పలకని పైకీ కిందికీ జరిపే వీలుంటే మనుషులకీ, ఇళ్ళకీ అది చాలు. కింది మొనలు మట్టిలో దిగబడతాయి గానీ గచ్చు మీద జర్రున జారతాయి. మూడు కాళ్ళనీ తాడుతో కలిపి కట్టి, మొనల కింద పాత హవాయి చెప్పుల ముక్కలు పెట్టా. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, తర్వాత బోల్టులు మళ్ళీ బిగించాలి. ఇవన్నీ వద్దనుకుంటే పెళ్ళి వీడియోల వాళ్ళు వదిలించుకునే పెద్ద స్టాండ్లు వెతకండి, అవీ గట్టివే.

సంక్రాంతికి మళ్ళీ వెళ్ళా. స్టాండు భుజాన వేసుకుని వీధిలో నడుస్తుంటే ఒక పెద్దాయన ఆపి, "మళ్ళీ రీసర్వేనా బాబూ, మా గట్టు ఎటు జరుపుతారు?" అన్నాడు. 2020 డిసెంబర్లో మొదలైన కొలతలు ఆయన్ని ఎంత తిప్పలు పెట్టాయో ఏమో, కెమెరా చూపించినా నమ్మలేదు.

ఈసారి రెండే షీట్లు. గడియారంలో సెకన్ల ముల్లు తప్ప ఏదీ అలకలేదు. అమ్మమ్మ చెవి దుద్దు రాళ్ళు లెక్కపెట్టొచ్చు, ఏడు. ప్రింటు చూసి ఆవిడ, "ఆ గోడకి సున్నం వేయించి ఉండాల్సింది" అంది.

బస్సులో మోసే ఓపిక లేక స్టాండు అక్కడే వదిలేసొచ్చా. ఇప్పుడు దాని మీద కోళ్ళకి అందకుండా ఒడియాల పళ్ళెం పెడుతోందట.