కడిగేసిన గిన్నెలతో పోయే సాక్ష్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్లి విందులోనో, వసతి గృహంలోనో పదిమందికి ఒకేసారి వాంతులు మొదలైతే ‘ఫుడ్ పాయిజన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. అది రోగ నిర్ధారణ కాదు. ఏ విషం, ఏ పదార్థంలో, ఎలా చేరింది? ఈ మూడూ తేలినప్పుడే నిర్ధారణ పూర్తవుతుంది.

2013 జూలైలో బీహార్‌లోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. నూనె డబ్బాను, పళ్లెంలో మిగిలిన ఆహారాన్ని ఫోరెన్సిక్ ప్రయోగశాల పరీక్షించి, మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును గుర్తించింది. మిగిలిన మెతుకులే అక్కడ సాక్ష్యమయ్యాయి.

2020 డిసెంబరులో ఏలూరులో అంత సులువు కాలేదు. ఆరువందల మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడం వంటి లక్షణాలతో అస్వస్థులయ్యారు. వారంతా కలిసి తిన్న విందేదీ లేదు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని మొదట ఎయిమ్స్ పరీక్షల్లో వెల్లడైంది. తరువాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు చెప్పారు. అవి శరీరంలోకి ఎలా చేరాయన్నది మాత్రం అప్పటికి తేలలేదు.

రోగ లక్షణాలు కొంత దారి చూపుతాయి. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో, జ్వరం లేకుండా వాంతులు మొదలైతే స్టెఫైలోకాకస్ క్రిమి విషాన్ని అనుమానించాలి. కంటిపాపలు సూదిమొనంతగా కుంచించుకుపోయి, చొంగ, చెమట కారుతుంటే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందును అనుమానించి వెంటనే చికిత్స ప్రారంభించాలి. చికిత్స ప్రయోగశాల ఫలితం కోసం ఆగకూడదు. కానీ విషం పేరు చెప్పగలిగేది ప్రయోగశాలే.

దానికి నమూనా అందకపోవడమే అసలు లోపం. పరువు పోతుందన్న భయంతో వండినవారు గిన్నెలు కడిగేస్తారు, మిగిలినది పారబోస్తారు. గంటలు గడిచేకొద్దీ రక్తంలోని, మూత్రంలోని ఆధారమూ తరిగిపోతుంది. తప్పు దాచామనుకుంటాం, అదే నూనె, అదే నీరు మరొకరి ఇంటికి చేరుతుంది.

అందువల్ల నా విన్నపం రెండు భాగాలు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం, మూత్రం, వాంతి నమూనాలు సేకరించే శుభ్రమైన సీసాలు, మంచుపెట్టె, అందుకు బాధ్యత వహించే ఉద్యోగి ఉండాలి. ఇక మనం చేయవలసింది: ముందుగా 108కు ఫోన్ చేయడం, ఆ తర్వాత మిగిలిన అన్నం, కూర, నూనె, తాగిన నీరు విడివిడిగా మూతపెట్టి, తిన్న సమయం రాసి చల్లగా ఉంచి, వైద్య సిబ్బందికి అప్పగించడం. పురుగుమందు ఖాళీ డబ్బాలను వంటింటి దరిదాపులకు రానివ్వకండి.