తెరమీద మెరుపు, నేలమీద పిడుగు

తెలుగులో మెరుపు వేరు, ఉరుము వేరు, పిడుగు వేరు. కంటికి కనిపించేది మెరుపు. చెవికి వినిపించేది ఉరుము. నేలమీద పడి చెట్టును చీల్చి, మనిషినీ పశువునూ చంపేది పిడుగు. మెరుపుకూ పిడుగుకూ ఇంగ్లీషువారు తరచుగా ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటారు. కంప్యూటరు తెరమీద మెరుపును సృష్టించే విద్య ఎక్కువగా ఆ భాషలోనే పెరిగింది కనుకనో ఏమో, అందులో మెరుపు చక్కగా కుదిరింది, పిడుగు మాత్రం రాలేదు. ఆ లోటును మనవాళ్ళే పూరించవచ్చునని నా అభిప్రాయం. కారణాలు మనవి చేస్తాను.

ముందుగా ఆ విద్య సంగతి. ఆటలలో కనిపించే మెరుపు ముందుగా గీసి దాచిన బొమ్మ కాదు. ఆడేవాడు చూస్తుండగానే, సెకనుకు అరవై సార్లు, యంత్రం కొత్తగా గీసే బొమ్మ. ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. ఇంత తక్కువ వ్యవధిలో మెరుపును గీయడానికి ఒక సులువైన ఉపాయం ఉన్నది. మబ్బులో ఒక బిందువు, నేలమీద ఒక బిందువు తీసుకుని గీత కలపాలి. ఆ గీత మధ్యబిందువును పాచికలు వేసినట్టు అటో ఇటో కొంచెం జరపాలి. ఇప్పుడు గీత రెండు ముక్కలయింది. ఒక్కొక్క ముక్కకూ అదే పని చేయాలి, కాని జరిపే దూరాన్ని ప్రతిసారీ సగానికి తగ్గించాలి. ఎనిమిది విడతలు చేస్తే 256 ముక్కల వంకర గీత తయారవుతుంది. అక్కడక్కడ కొమ్మలు తగిలిస్తే చూసినవారు మెరుపేనంటారు. 1982లో ఫోర్నియర్, ఫసెల్, కార్పెంటర్ అనే ముగ్గురు కొండలూ లోయలూ గీయడానికి ప్రకటించిన పద్ధతి మెరుపుకు కూడా ఇలా అక్కరకు వచ్చింది.

తరువాతివారు ఇంకా లోతుకు వెళ్ళారు. 1994లో రీడ్, వైవిల్ అనేవారు మెరుపు ముక్కల మధ్య మలుపు సగటున 16 డిగ్రీలు ఉండేటట్టు బొమ్మ కట్టారు. 1984లో నీమెయర్, పియెట్రొనెరో, వీస్మన్ అనే భౌతిక శాస్త్రజ్ఞులు విద్యుత్తు గాలిని ఛేదించుకుంటూ కొమ్మలు వేసే తీరుకు ఒక నమూనా ఇచ్చారు. దానిని ఆధారం చేసుకుని 2004లోనూ 2007లోనూ థియొడోర్ కిమ్, మింగ్ లిన్ మెరుపును కదిలించి చూపారు.

ఆకారం కంటె కాలం ముఖ్యమని కూడా ఈ విద్య నేర్చినవారికి తెలుసు. మబ్బునుంచి దారి చేసుకుంటూ దిగే తొలి పాయ నేలకు చేరడానికి పట్టేది సుమారు 20 మిల్లీసెకన్లు, అంటే దాదాపు ఒక్క బొమ్మ వ్యవధి. అది నేలను అందుకోగానే అదే దారిన అసలు వెలుగు కిందినుంచి పైకి పరుగెత్తుతుంది. ఒక్క మెరుపులో ఇటువంటి వెలుగులు సగటున మూడో నాలుగో ఉంటాయి. వాటి మధ్య ఎడం 40, 50 మిల్లీసెకన్లు, అంటే మూడు బొమ్మలు. మెరుపు రెపరెపలాడేది ఇందువల్లనే. మొదటి వెలుగులో కొమ్మలన్నీ కనిపిస్తాయి, తరువాతి వాటిలో సాధారణంగా మాను మాత్రమే వెలుగుతుంది. మంచి ప్రోగ్రాములలో ఈ సూక్ష్మం కూడా ఉంటుంది. ఇంతవరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా ఫిర్యాదు గీత ముగిసే చోట మొదలవుతుంది. నేలమీది బిందువు దగ్గర నాలుగు నిప్పురవ్వలు, కాస్త పొగ, అంతటితో సరి. నిజానికి అసలు కథ అక్కడే ఆరంభం. సుమారు 30,000 ఆంపియర్ల విద్యుత్తు ఆ బిందువులో మాయమైపోదు. అన్ని వైపులకూ నేలలో పాకుతుంది. పిడుగుపాటు మరణాలను పరిశీలించిన వైద్యుల అంచనా ప్రకారం నేరుగా నెత్తిన పిడుగు పడి చనిపోయేవారు నూటికి ముగ్గురు నుంచి ఐదుగురు మాత్రమే. సుమారు సగంమందిని చంపేది నేలలో పాకిన విద్యుత్తు. మూడోవంతు దాకా పక్కనున్న చెట్టునుంచి మనిషి మీదికి దూకిన విద్యుత్తుకు బలి అవుతున్నారు. 2016 ఆగస్టులో నార్వేలోని హార్డంగర్‌విడ్డ పీఠభూమి మీద ఒక్క గాలివానలో 323 రెయిన్‌డీర్ దుప్పులు చనిపోయాయి. అన్నిటి నెత్తినా విడివిడిగా పిడుగులు పడలేదు. నేల వాటిని చంపింది.

మా మౌలాలిలో గ్రాఫిక్సు నేర్చుకుంటున్న ఒక కుర్రవాడు తాను తయారుచేసిన ఆటను నాకు చూపించాడు. మెరుపు ముచ్చటగా ఉన్నది. మర్రిచెట్టు మీద పిడుగు పడి చెట్టు రెండుగా చీలింది. ఆ చెట్టు కిందనే రెండు బారల దూరంలో నిలబడిన కథానాయకుడు జుట్టు సవరించుకుని ముందుకు సాగిపోయాడు.

"వాడు బ్రతకడు గదా, బాబూ?" అన్నాను.

"పిడుగు పడింది చెట్టు మీద గదా అంకుల్, వాడి మీద కాదు" అన్నాడు.

ఆ కుర్రవాణ్ణి తప్పు పట్టను. మన ఊహలో పిడుగు ఒక అస్త్రం. ఇంద్రుడి వజ్రాయుధం నుంచి వెండితెర బాణాల దాకా అది గురి చూసి ఒక్కరినే కొడుతుంది, పక్కవాడికి సెగ అయినా తగలదు. మాకు దగ్గరలోనే, నాచారంలో, రామారావుగారి రామకృష్ణా స్టూడియో ఉండేది. పౌరాణిక చిత్రాలు చూస్తూ పెరిగిన మాబోటివారికి పిడుగు గురి తప్పదనే నమ్మకం అక్కడినుంచే అబ్బింది. సినిమా తరువాత ఆటలు వచ్చాయి, అదే నమ్మకం మరింత వెలుగుతో కొనసాగుతున్నది.

పిడుగును చేర్చడం యంత్రానికి భారమా అంటే కానే కాదు. నేల నిరోధకతను విద్యుత్ప్రవాహంతో గుణించి, పిడుగు పడిన చోటినుంచి ఉన్న దూరంతోనూ రెండు పైలతోనూ భాగిస్తే ఆ స్థలంలోని వోల్టేజీ వస్తుంది. రెండు పాదాల దగ్గర ఈ లెక్క కట్టి, ఒకదానిలోనుంచి ఒకటి తీసివేస్తే చాలు. నేల అంతటా ఒకే తీరుగా ఉన్నదనుకుని కట్టిన లెక్కే అయినా విషయం బోధపడుతుంది. నేల నిరోధకత 100 ఓమ్ మీటర్లు, ప్రవాహం 30,000 ఆంపియర్లు అనుకుందాం. పది మీటర్ల అవతల మీటరు అంగ వేసి నిలుచున్న మనిషి పాదాల మధ్య సుమారు 4,300 వోల్టులు. పాదాలు పది సెంటీమీటర్ల ఎడంలో ఉంటే సుమారు 470. ముందుకాళ్ళకూ వెనుకకాళ్ళకూ మధ్య మీటరున్నర ఎడమున్న ఎద్దుకైతే 6,200. చెట్టు కింద మనిషి బ్రతికి పశువులు చనిపోయిన సంగతులు పల్లెల్లో వింటుంటాం. అందుకు ఒక కారణం ఈ లెక్కలోనే ఉన్నది. 256 ముక్కల గీతను గీయగల యంత్రానికి ఈ భాగహారం ఒక పనే కాదు.

నేల నేలకూ ఈ లెక్క మారుతుంది. తడిసిన నల్లరేగడి నిరోధకత పదుల ఓమ్ మీటర్లలో ఉంటే, గట్టి గ్రానైటుది వేలల్లో ఉంటుంది. కుతుబ్‌షాహీల కాలంనుంచీ భక్తులు మెట్లెక్కుతున్న మా మౌలాలి గుట్ట అటువంటి రాతిముద్దే. ఇలాంటి బండమీద పిడుగు పడితే విద్యుత్తు లోపలికి సులువుగా దిగలేక తడిసిన పైపొర వెంబడి పాకుతుంది. నేల నిరోధకతను కొలిచి రాతినేలల్లో నీటిజాడ కనిపెట్టే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్నది. మెరుపు విద్య నేర్చుకునే మన పిల్లలకు పిడుగు విద్య పొరుగునే ఉన్నదన్నమాట.

ఆట ఆటే గాని పాఠం కాదని కొందరంటారు. నేను పాఠం చెప్పమనడం లేదు. నేల కూడా ప్రమాదమైనప్పుడు ఆటే రక్తి కడుతుంది. ఎక్కడ నిలబడాలి, చెట్టు కింద తలదాచుకోవాలా, పక్కా ఇంటికి పరుగెత్తాలా అన్న ఆలోచన ఆడేవాడికి పుడుతుంది. నిప్పురవ్వలకంటె అది గొప్ప ఉత్కంఠ.

దీని అవసరం మనకు మరీ ఎక్కువ. 2018 ఏప్రిల్ నెలాఖరులో ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. జాతీయ నేర నమోదుల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు చనిపోయినవారు 2,887 మంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 'దామిని' అనే యాప్ ద్వారా ముందస్తు హెచ్చరికలు ఇస్తున్నది. కాని హెచ్చరిక అందినవాడు కూడా చెట్టు కిందికే పరుగెత్తితే ఏమి లాభం? ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలుచుకునే అలవాటు మనది. తలుచుకోవడానికి అభ్యంతరం లేదు, ఇంట్లో కూర్చుని తలుచుకోవాలి.

మెరుపును గీయడం నేర్చిన మిత్రులకు నా విన్నపం ఒక్కటే. గీత నేలను తాకిన చోట ఆగకండి. ఆ ఒక్క భాగహారాన్ని కూడా చేర్చండి. చెట్టు కింద నిలబడిన కథానాయకుడిని ఒక్కసారి చనిపోనివ్వండి. ఆడే పిల్లవాడు మరుసటిసారి చెట్టును వదిలి ఇంటివైపు పరుగెత్తుతాడు.